నెట్ స్లో అయిందని రీసెట్ నొక్కకండి

మా బంధువుల గ్రూపుల్లో ఈ మధ్య ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఇంట్లో నెట్ స్లోగా ఉందా? రౌటర్ వెనక రంధ్రంలో పిన్నుతో 10 సెకన్లు నొక్కండి. డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టండి, స్పీడ్ రెండింతలవుతుంది. విండోస్ మీ నెట్‌లో 20 శాతం దాచుకుంటుంది, దాన్ని ఆపేయండి. డెస్క్‌టాప్ మీద రిఫ్రెష్ కొడుతూ ఉండండి." ఇదీ అందులో ఉన్నది. మా పెద్దమ్మ అందులో మొదటి సలహా పాటించింది. శనివారం రాత్రి నొక్కితే సోమవారం మధ్యాహ్నం దాకా ఇంట్లో నెట్ లేదు. అమెరికాలో ఉన్న కొడుకుతో వారానికి ఒక్కసారి మాట్లాడే ఆదివారం కాల్ కూడా పోయింది.

కాబట్టి ముందు ఆ పిన్ను సంగతి. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి మళ్ళీ వేస్తే అది రీస్టార్ట్. దానివల్ల ఏ నష్టమూ లేదు, చాలాసార్లు పని కూడా అవుతుంది. ఆ రంధ్రంలో ఉండేది రీసెట్. అది నొక్కితే రౌటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి వెళ్ళిపోతుంది. మీరు పెట్టుకున్న వైఫై పేరు, పాస్‌వర్డ్ పోతాయి. అంతకన్నా పెద్ద చిక్కు, కనెక్షన్ ఇచ్చిన రోజు నెట్ అబ్బాయి ఎక్కించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఇతర సెట్టింగులూ చెరిగిపోవచ్చు. చాలా ఇళ్ళలో ఆ వివరాలు ఎక్కడా రాసి ఉండవు. మళ్ళీ ఆ అబ్బాయి రావాల్సిందే. పెద్దమ్మ ఇంట్లో జరిగింది ఇదే. ఊళ్ళో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు ఇలాంటి సలహా పంపేముందు ఒక్క క్షణం ఆలోచించమని చేతులెత్తి అడుగుతున్నాను.

ఇక డీఎన్ఎస్. వెబ్‌సైటు పేరు ఇస్తే దాని అంకెల చిరునామా వెతికిపెట్టడమే దాని పని. చిరునామా దొరికాక వీడియో వచ్చే వేగంతో దానికి నేరుగా సంబంధం లేదు. 8.8.8.8 అనేది గూగుల్ 2009లో మొదలుపెట్టిన ఉచిత డీఎన్ఎస్. మంచిదే, కానీ 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 100 చేయదు. అది నిజంగా పనికొచ్చే సందర్భం ఒకటుంది. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ping 8.8.8.8 అని కొట్టి ఎంటర్ నొక్కండి. జవాబులు వస్తూ, సైట్లు మాత్రం పేరుతో తెరుచుకోకపోతే, తప్పు చాలావరకు డీఎన్ఎస్‌లోనే ఉంటుంది. అప్పుడు మార్చండి.

ఆ 20 శాతం కథ విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ ఉంది. ఆ సెట్టింగ్ ప్రత్యేకంగా ప్రాధాన్యం అడిగే ప్రోగ్రాములకు పెట్టిన పరిమితి. ఎవరూ అడగనప్పుడు మొత్తం నెట్ మిగతావాటికే దొరుకుతుందని మైక్రోసాఫ్ట్ అప్పుడే వివరణ ఇచ్చింది. పైగా విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఆ సెట్టింగులు మార్చే గ్రూప్ పాలసీ ఎడిటర్ మామూలుగా ఉండదు. దానికోసం ఎక్కడెక్కడి ఫైళ్ళో దింపుకుని నడిపేవాళ్ళను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. స్లో నెట్‌కి మందని వైరస్ తెచ్చుకునే దారి అది.

రిఫ్రెష్ తెర మీది ఐకాన్లను మళ్ళీ చూపిస్తుంది, అంతే. దానివల్ల నెట్ వేగం పెరగదు.

ఆ మెసేజ్‌లో లేనిదే అసలు చేయాల్సింది: తప్పు ఎక్కడుందో చూడటం. ఫైబర్ బాక్సు మీద ఎల్ఓఎస్ అన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే వైరు తెగిందో, బాగా వంగిందో, బయట లైనే పోయిందో అయ్యుంటుంది. మీరు ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు, వెంటనే ఫోన్ చేయండి. ఆ లైటు వెలగకపోతే ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో నేరుగా రౌటర్‌కి కలిపి స్పీడ్ చూడండి. వైరు మీద సరిగ్గా వచ్చి వైఫైలో రాకపోతే తప్పు లైనుది కాదు, ఇంట్లోని వైఫైది. చాలా రౌటర్లు 5, 2.4 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై సిగ్నళ్ళు ఇస్తాయి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 దూరం వెళ్తుంది, కానీ అపార్ట్‌మెంట్లలో పక్కింటి రౌటర్లన్నీ అందులోనే గుమిగూడి ఉంటాయి. వైరు మీద కూడా స్పీడ్ రాకపోతే, ఆ రీడింగ్‌ను ఫోటో తీసి నెట్ అబ్బాయికి పంపండి. "స్లోగా ఉంది" అంటే "రీస్టార్ట్ చేయండి సార్" అంటారు. వైరుతో కలిపినా ఇంతే వస్తోందని ఫోటోతో చూపిస్తే, మనిషిని పంపుతారు.