మాకు ఈ ఏడు ఎయిత్ అండీ

మొన్న ఆదివారం పొద్దున్న ఒడిశాలోని మా బరంపురం పాత బస్టాండు దగ్గర నిలబడి వడ, ఘుగుని (బఠాణీల కూర) తింటున్నాను. పక్కనే ఇంకో ప్లేటు పట్టుకుని ఒక పెద్దమనిషి. 46 ఏళ్లు ఉంటాయి. ముందువైపు జుట్టు వెళ్లిపోయింది, వెనకవైపు మిగిలినదానికి రంగు పడింది. తెలుగాయనలా ఉంటే పలకరించాను. "ఏం చేస్తుంటారండీ?" అంటే ప్లేటు కింద పెట్టి, గంభీరంగా చెప్పాడు: "మాకు ఈ ఏడు ఎయిత్ అండీ."

నాకు ఘుగుని అడ్డం పడింది.

బ్యాంకులో ఉద్యోగం అట. అది చాలాసేపటికి గానీ బయటపడలేదు. ముందు బయటపడినవి వేరు. 'మేం' రాత్రి పదకొండున్నరదాకా చదువుతున్నాం. 'మాకు' లెక్కలు ఫర్వాలేదు గానీ సంస్కృతం దెబ్బకొడుతోంది. నైన్త్ నుంచి బోర్డు సిలబస్ మొదలు కాబట్టి ఇప్పుడు జారితే 'మేం' ఇక లేవలేం. ఈయనకొక కొడుకున్నాడనీ, వాడికి 13 ఏళ్లనీ, యూనిఫాం వేసుకుని బడికి వెళ్లేది నిజానికి వాడేననీ నేనే ఊహించుకోవాల్సి వచ్చింది. కుర్రాడి పేరు చివరిదాకా రాలేదు.

ఈ 'మేం' గురించి కాస్త శాస్త్రీయంగా మాట్లాడుకోవాలి. మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు, జనం నోట్లో ఉన్న మాటే రాతలో కూడా ఉండాలని జీవితమంతా పోట్లాడారు. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసిన మనిషి. ఆయన గానీ ఇవాళ ఆ వడ బండి దగ్గర ఉండి ఉంటే, జేబులోంచి కాగితం తీసి కొత్త సర్వనామం ఒకటి రాసుకునేవారు.

ఒడియాలో 'ఆమే' అంటే సరిపోతుంది, వినేవాడు అందులో ఉన్నాడో లేడో వాడే తేల్చుకుంటాడు. తెలుగు అలా కాదు. 'మనం' అంటే ఎదుటివాడిని కలుపుకోవడం, 'మేం' అంటే ఎదుటివాడిని వదిలేయడం. 'మేం ఎయిత్'లో మాత్రం వదిలేసింది ఎదుటివాడిని కాదు, పిల్లాడిని. ఇంటికెళ్లాక ఇదే తండ్రి 'మనం' మొదలుపెడతాడు: "మనం ఇవాళ చతుర్భుజాలు పూర్తి చేసేద్దాం నాన్నా." మార్కులొచ్చిన రోజు ఆ బహువచనం కాస్తా ఆవిరైపోతుంది. "నీకు 43 వచ్చాయి" అంటాడు. మరో గంటకి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "మీవాడికి 43 అట" అంటాడు. ఉత్తమ పురుషలో మొదలై, మధ్యమ పురుష మీదుగా, ప్రథమ పురుషలో తేలింది. ఒక్క యూనిట్ టెస్టుకి వ్యాకరణమంతా తిరిగి వచ్చాడు.

మా అమ్మాయి కూడా ఎనిమిదే కాబట్టి నన్నూ '8-బి పేరెంట్స్, ఓన్లీ స్టడీస్' అనే గ్రూపులో పడేశారు. సాయంత్రం ఆరు దాటితే చాలు. "ఫ్రెండ్స్, సైన్స్ పేజీ 34 ఎవరైనా పెట్టండి ప్లీజ్, మేం రాసుకోలేదు." "మేం ఇవాళ ఆబ్సెంట్, మాకు జ్వరం." జ్వరం ఎవరికని అడిగాను. రెండు రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రకి ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంటే, గ్రూపులో ఒకాయన "ఈసారి మేం వెళ్లడం లేదు, యూనిట్ టెస్ట్ ఉంది" అని పెట్టాడు. 19 మంది చప్పట్లు కొట్టారు. అమ్మవారు రెండేళ్లు ఆగి ఊరేగింపుగా వస్తే, వీళ్లు తలుపేసుకుని వర్గమూలాలు తీస్తున్నారు.

ఆమధ్య ఆ గ్రూపుకి నిజంగానే జ్వరం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదిదాకా ఎవర్నీ ఫెయిల్ చేయకూడదని ఉండేది. 2019లో చట్టం సవరించారు, 2024 డిసెంబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది: అయిదు, ఎనిమిది తరగతుల్లో తప్పిన పిల్లలకి అదనంగా పాఠాలు చెప్పి, రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి. అప్పుడూ తప్పితే అదే క్లాసులో ఉంచొచ్చు. ఎనిమిది పూర్తయ్యేదాకా బడిలోంచి పంపేయడానికి వీల్లేదు. ఇందులో గ్రూపుకి చేరింది 'ఎయిత్‌లో ఫెయిల్ చేస్తారట' అన్న ముక్క, దాని చుట్టూ ఆరు ఎర్ర ఆశ్చర్యార్థకాలు. తక్కినదంతా ఫార్వర్డ్ చేసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆ భయం తడి ఆరకముందే ఫౌండేషన్ కోర్సుల వాళ్లు దిగారు.

డెమో క్లాసు కల్యాణమండపంలో పెట్టారు. ముందురోజు ఎవరిదో పెళ్లయింది, గుమ్మానికి అరటిచెట్లు ఇంకా ఉన్నాయి. కుర్చీలు తక్కువగా ఉన్నాయని నిర్వాహకులు మంచి నిర్ణయం తీసుకున్నారు: పిల్లల్ని బయట ఆడుకోమని పంపేసి, తల్లిదండ్రుల్ని లోపల కూర్చోబెట్టారు. ఎనిమిదో తరగతి పిల్లల కోసం పెట్టిన క్లాసులో ఎనిమిదో తరగతి పిల్లలు తప్ప అందరూ ఉన్నారు. వధూవరులు కూర్చున్న సింహాసనాల మధ్య ప్రొజెక్టరు. చెవికి మైకు తగిలించుకున్న కుర్రాడొకడు వచ్చి, "ఎయిత్ అంటే ఫౌండేషన్‌కి ఫౌండేషన్" అన్నాడు. ఇంటర్ తర్వాత రాసే పరీక్షకి నైన్త్, టెన్త్ పునాదట. దానికి ఎయిత్ పునాదట. సిక్స్త్, సెవెన్త్ వాళ్లకి 'ప్రీ-ఫౌండేషన్' కూడా ఉందట, మేం ఇప్పటికే రెండేళ్లు లేటట. పునాది కింద పునాది, దాని కింద ఇంకో పునాది. ఇలా కిందికి తవ్వుకుంటూ పోతే దాన్ని మా ఊళ్లో ఇల్లు అనరు, నుయ్యి అంటారు.

తర్వాత తెర మీద ఒక లెక్క వేశాడు. రెండు నిమిషాలు టైం. హాలంతా నిశ్శబ్దం. నా ముందు వరసలో కాంట్రాక్టరుగారు పక్కాయన నోట్‌బుక్కులోకి తొంగిచూశారు. పక్కాయన మోచేత్తో కాగితం మూసేసుకున్నారు. ఒక తల్లి అందరికంటే ముందు చేసేసి చెయ్యెత్తింది గానీ, ఆవిడ వెనక కూర్చుంది, పైగా జవాబు సరిగ్గా ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఫోన్ మాట్లాడటానికి బయటికెళ్లిన ఒకాయన తిరిగొచ్చి, గుమ్మంలో ఆగి, "మే ఐ కమిన్ సార్?" అన్నాడు. ఆయనకి టెంటుహౌసు ఉంది, పదిమంది ఆయన దగ్గర పనిచేస్తారు. మైకు కుర్రాడు తల ఊపాకే లోపలికొచ్చి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చివర్లో "ఎనీ డౌట్స్?" అంటే మన వడ-ఘుగుని పెద్దమనిషి లేచాడు. "సార్, హోంవర్క్ ఎప్పటికి సబ్మిట్ చెయ్యాలి?"

ఈలోగా బయట పిల్లలు కొబ్బరిమట్టని బ్యాటు చేసుకుని, షామియానా గుంజని వికెట్టు చేసుకుని, బంతి అరటిచెట్టుకి తగిలితే ఫోరా సిక్సా అని కొట్టుకుంటున్నారు. ఒక్కడు చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చి "నాన్నా, నీళ్లు" అన్నాడు. "ష్! క్లాసు జరుగుతోంది" అన్నాడు వాళ్ల నాన్న.

ఊరుకోలేక నేనూ చెయ్యెత్తాను. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలిచ్చింది, 16 ఏళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోకూడదని అందులో రాసి ఉంది కదా, మరి 13 ఏళ్ల వాళ్ల సంగతేమిటని అడిగాను. మైకు కుర్రాడు చిరునవ్వు చెదరకుండా, "సార్, మాది కోచింగ్ కాదు, ఫౌండేషన్" అన్నాడు. హాలు హాలంతా చప్పట్లు. ఫీజు కాగితం చేతికొచ్చాక ఆ చప్పట్లు కాస్త పలచబడ్డాయి గానీ, ఇద్దరు అక్కడే అడ్వాన్సు కట్టారు.

నాకు వి.వి.గిరి గారు గుర్తొచ్చారు. ఈ బరంపురంలోనే 1894లో పుట్టి, దేశానికి రాష్ట్రపతి అయ్యారు. వాళ్ల నాన్న జోగయ్య పంతులు గారు వకీలు. తనకంటూ ఒక పని ఉన్న మనిషి కాబట్టి, కోర్టు వరండాలో నిలబడి "మాకు ఈ ఏడు థర్డ్ ఫారం" (అప్పటి ఎనిమిదో తరగతి) అని ఉండరని నా నమ్మకం.

సరే, పెద్దమనిషి ఇంటికి కూడా ఒకసారి వెళ్లాను, పిలిస్తే. గోడ మీద టైంటేబుల్. తెల్లవారి 4:45కి లేవడం, రాత్రి 11:30కి పడుకోవడం. మధ్యలో '7:10 నుంచి 7:17: మైండ్ రిలాక్సేషన్'. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. ఆ వయసులో ఒంట్లో గడియారమే వెనక్కి జరుగుతుంది, రాత్రి త్వరగా నిద్ర పట్టదు, పొద్దున్న త్వరగా మెలకువ రాదు. అది బద్ధకం కాదు. ఇక్కడ కుర్రాడికి దొరుకుతున్నది అయిదుంపావు గంటలు. నిన్నమొన్నటిదాకా ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలోనే కౌమారం గురించి ఒక పాఠం ఉండేది. గొంతు మారడం, మొటిమలు, ఊరికే కోపం రావడం. పుస్తకం మొత్తంలో ఆ పిల్లాడి గురించి రాసిన పాఠం అదొక్కటే. బళ్లో "ఇంటి దగ్గర చదువుకోండి" అనేవారు, ఇంట్లో "ఇంపార్టెంట్ కాదులే" అనేవారు. నేను కూర్చున్నంతసేపూ కుర్రాడు తల ఎత్తలేదు. గొంతు మారుతున్నట్టుంది, అడిగినదానికి తల ఊపడమే గానీ నోరు విప్పడు. "మా కాన్సంట్రేషన్ బాగా పెరిగిందండీ" అన్నాడు తండ్రి.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక్కడ నుంచి నావల్ల కాదు.

మా వీధికి నెలకోసారి అప్పడాలు తెచ్చే ఆవిడ ఉంది. బరంపురం అప్పడాలంటే దేశమంతా పేరే, వాటిని ఒత్తే చేతుల సంగతి ఎవరికీ పట్టదు. మొన్న వచ్చినప్పుడు కొడుకుని కూడా తీసుకొచ్చింది, బుట్ట మోయడానికి. ఏం చదువుతున్నాడని అడిగాను. "వోడు ఎనిమిది సదువుతన్నాడు బాబూ" అంది. వాడు. ఏకవచనం. ఈ ఊళ్లో కొన్ని నెలలుగా నేను విన్న మొట్టమొదటి సరైన వాక్యం అది.

"తర్వాత?" అన్నాను.

"సూరత్‌లో ఆళ్ల మావయ్య ఉన్నాడు కదా."

అర్థమైంది కదా. గంజాం జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మరమగ్గాల షెడ్డు, పన్నెండు గంటల షిఫ్టు, ఒకే గదిలో వంతులవారీగా పడుకోవడం. ఆ కుర్రాడికీ ఇది పునాది ఏడే, ఎవరూ మైకు పట్టుకుని చెప్పలేదంతే. ఉచితంగా, నిర్బంధంగా చదువు చెప్పాలన్న చట్టం 14 ఏళ్లదాకా, ఎనిమిదో తరగతిదాకా వచ్చి ఆగిపోతుంది. సరిగ్గా అక్కడే సూరత్ రైలు ఆగి ఉంటుంది.

అలా జరగకూడదనే ఒక పరీక్ష పెట్టారు. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ఎనిమిదిలో ఉండగానే రాయాలి. సర్కారు బళ్లు, ఎయిడెడ్ బళ్లు, మునిసిపల్ బళ్ల పిల్లలకి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడులో 55 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకి 50. నెగ్గితే తొమ్మిది నుంచి పన్నెండుదాకా ఏడాదికి 12,000. దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి. నెలకి వెయ్యి రూపాయలు, అంతే. ఆ వెయ్యి ఉంటే వాడు రైలెక్కకుండా ఉంటాడేమో, ఉండకపోవచ్చు కూడా. కానీ ఆ సంగతి ఆవిడకి ఎవడు చెప్పాడు? మా గ్రూపులో రోజుకి రెండువందల మెసేజ్‌లు. సైన్స్ పేజీ 34 ఉంటుంది, అట్టల రంగు ఉంటుంది, ఎవరి కూతురో భరతనాట్యంలో కొట్టుకొచ్చిన కప్పు ఉంటుంది. ఈ పరీక్ష పేరు ఒక్కసారి కూడా లేదు. ఎందుకంటే అది 'మాకు' కాదు. మా ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి కొడుక్కి, మా ఆఫీసు ముందు ఆటో వేసే అతని కూతురికి. పిల్లాడి జ్వరాన్ని కూడా సొంతం చేసేసుకున్నవాళ్లం, పక్కింటి పిల్లాడి ఫారం మాత్రం మన పని కాదనుకున్నాం. సిగ్గులేదు. 'మాకు' అనను, 'మనకు' అంటున్నాను. ఇది చదువుతున్న మిమ్మల్ని కూడా కలుపుకునే అంటున్నాను.

మర్నాడు వాడి బడికి వెళ్లాను. మాస్టారు మంచాయనే, నాలుగు క్లాసులు ఒక్కడే చూసుకుంటున్నాడు. ఏడులో కుర్రాడి మార్కులు తీసి చూశాడు, 61 శాతం. గడువు ఇంకా ఉందట. ఆదాయం సర్టిఫికెట్ కావాలన్నాడు. ఆవిడనీ వాడినీ వెంటబెట్టుకుని ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లాం. నడిపేది తెలుగు కుర్రాడే. పెద్ద వరస. మా వంతు వచ్చేసరికి పన్నెండున్నర. కంప్యూటరులోంచి తల ఎత్తకుండా, "దేనికండీ సర్టిఫికెట్టు?" అన్నాడు.

"స్కాలర్‌షిప్ పరీక్షకి బాబూ, మాకు ఈ ఏడు ఎయిత్" అన్నాను.

పక్కనుంచి వాడు, అప్పటిదాకా నోరు విప్పనివాడు, కీచుగా మొదలై బొంగురుగా తేలిన గొంతుతో, "నాకండీ" అన్నాడు.