కెమెరాకి గాలి కొట్టించారు

ఒడిశాలోని మా సిమిలిగుడలో లారీ ఓనర్ అన్నవాడికి ఏడాదికి రెండు పూజలు తప్పవు. సెప్టెంబర్ 17న ఒడియావాళ్లతో కలిసి విశ్వకర్మ పూజ, ఆ తరవాత దసరాకి మన ఆయుధ పూజ. రెండుసార్లూ లారీ కడగాలి, రెండుసార్లూ బంతిపూలు కట్టాలి, రెండుసార్లూ మేస్త్రి చేతిలో ఎంతో కొంత పెట్టాలి. ఖర్చు రెట్టింపే గానీ ఒక లాభం ఉంది. ఏడాది పొడుగునా క్యాబిన్ ఎత్తి ఇంజిన్ మొహం చూడనివాడు కూడా ఈ రెండు రోజులూ తప్పకుండా చూస్తాడు.

మా అడ్డాలో గ్రీజు మావయ్యకి మాత్రం రోజూ విశ్వకర్మ పూజే. ఆయన అసలు పేరు ఆర్సీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చెయ్యకముందు, బండి చదును నేల మీద ఉందో లేదో చూసుకుని, ఆయిల్ గేజు లాగి, భుజం మీది గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి లాగుతారు. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గినా ఒప్పుకోరు, పై గీత దాటినా ఒప్పుకోరు. "రెండు లీటర్లు ఎక్కువే పోశాను మావయ్యా, ఇంజిన్ చల్లగా ఉంటుందని" అన్న పాపానికి ఒక కుర్ర ఓనర్ టీ చల్లారిపోయేదాకా క్లాసు విన్నాడు. ఎక్కువైతే క్రాంకు దాన్ని చిలికి నురగ తేలుస్తుందట, నురగ బేరింగుల్ని కాపాడదట. ఆ కుర్రాడు ఇప్పటికీ ఆ టీ కొట్టు వైపు రాడు.

ఆ తరవాత టామీ రాడ్డు పట్టుకుని లారీ చుట్టూ ప్రదక్షిణ. వెనక జంట టైర్లలో లోపలిదానికి గాలి దిగిపోయినా పైకి తెలీదు, పక్కది బరువు మోసేస్తుంటుంది. అందుకని ఒక్కో టైరుకీ ఒక్కో దెబ్బ. టంగుమంటే సరే, దబ్బుమంటే పంక్చర్ షాపుకే. మేనల్లుడి పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు కూడా ఆడపిల్లవాళ్ల గుమ్మం ముందున్న ట్రాక్టర్ టైరుని కాలితో తన్ని, "గాలి తక్కువుంది. ఇల్లు ఎలా నడుపుతున్నారో?" అన్న మనిషి.

అన్నిటికన్నా ఆయనకి పట్టింపు ఎయిర్ ట్యాంకు. గాలి బ్రేకుల బండి పీల్చే గాలిలో తేమ ఉంటుంది. అది ట్యాంకులో నీరై అడుక్కి చేరుతుంది, దానికి కంప్రెసర్ నుంచి వచ్చే ఆయిల్ తుంపర తోడవుతుంది. రోజూ కింద వాల్వు లాగి ఆ నీళ్లు వదిలెయ్యాలి. "సాలూరు వైపు సుంకి ఘాటు దిగుతున్నప్పుడు ఆ నీళ్లెళ్లి బ్రేకు వాల్వులో కూర్చుంటే ఏం చేస్తావు? హారన్ కొడతావా?" అని అడుగుతారు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనుంది.

రెండో మనిషి లెన్సు బావ. నాకొక్కడికే కాదు, అడ్డా మొత్తానికి బావ. మావయ్యకి మాత్రం అల్లుడు. ఒక్క లారీ ఉంది, సిమిలిగుడ సంతలో అల్లం ఎక్కించుకుని విశాఖ దిగుతుంది. మూడేళ్ల కిందట విశాఖలో సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ కెమెరా కొన్నాడు. కొనేముందు అది ఎన్ని క్లిక్కులు తిరిగిందో చూశాడట. నవ్వకండి, కెమెరాకి నిజంగానే అలాంటి లెక్క ఒకటి ఉంటుంది, షట్టర్ కౌంట్ అంటారు. షట్టర్ కూడా అరిగే సామానే కాబట్టి పాత కెమెరా కొనేవాడు ముందు అదే అడుగుతాడు. ఈ సంగతి విని మావయ్య ముచ్చటపడిపోయారు. "అయితే మీటర్ తిప్పేసే బ్రోకర్లు అందులోనూ ఉంటారా అల్లుడూ?" అన్నారు.

బావకి కెమెరా వచ్చాక లారీకి కష్టాలు వచ్చాయి. డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగితే మనమైతే బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపుతాం. బావ కెమెరా తీసి, చీకట్లో ఫొటో వెలుగ్గా రావడానికి ఐఎస్ఓ అనే అంకె పెంచాడు. చీకట్లో ఆ ఎరుపు బాగా వచ్చిందట. ఇంకోసారి సుంకి ఘాటు ఎక్కుతుంటే రేడియేటర్ పొంగింది. డ్రైవర్ ఫోన్ చేస్తే, "మూత ముట్టుకోకు, వచ్చేస్తున్నా" అని బైకు వేసుకుని బయల్దేరాడు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ఆవిరి మొహం మీదకి తన్నుకొస్తుంది కదా, ఓనరుకి ఎంత జాగ్రత్తో అని డ్రైవర్ పొంగిపోయాడు. తీరా చూస్తే బావ వచ్చింది ఆవిరి తగ్గకముందే ఫొటో తియ్యడానికి. సాయంత్రం ఎండ ఏటవాలుగా ఆవిరిలోంచి పడి, ముందు డ్రైవర్ నీడలా నిలబడ్డాడు. ఫొటో అద్భుతంగా ఉంది. హెడ్ గ్యాస్కెట్ పోయింది.

ఇక అసలు రోజు. ఆ యేడు విశ్వకర్మ పూజ నాటికి వాన తెరిపిచ్చింది. ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ దేవమాలి, 1672 మీటర్లు, మాకు పొరుగే. వానాకాలంలో ఆ కొండలన్నీ మబ్బులో మునిగుంటాయి. అలాంటిది ఆవేళ ఆకాశం కడిగి ఆరేసినట్టుంది. లారీలన్నీ గ్యారేజీ ముందు వరసగా నిలబెట్టాం. పూజ మొదలవకముందే గ్రూప్ ఫొటో తీసేస్తానన్నాడు బావ. చివరి బండి నంబరు ప్లేటు దాకా స్పష్టంగా రావాలని ఎఫ్ 16 పెట్టాడు. క్లిక్కుమంది. అందరం కెమెరా వెనక గుమిగూడాం.

ఆకాశం నిండా నల్ల మచ్చలు.

"కాకులేమో" అన్నాడు ఒకడు. తలెత్తి చూశాం, కాకుల్లేవు. "నా బండి మీదే రెండున్నాయేంటి?" అని ఇంకొకడు గొంతు పెంచాడు. ఈ మధ్యే కొత్త బండి దించాడు, దిష్టి తగిలిందని అతని అనుమానం. గుమ్మడికాయ ఇంకోటి తెమ్మని అప్పుడే క్లీనర్ని పంపించేశాడు కూడా.

బావ విషయం విడమరిచాడు. ఫొటోని పట్టే సెన్సార్ ముందున్న గాజు మీద దుమ్ము పడింది. ఎఫ్ 4లో తీసినంతకాలం కనపడలేదు, ఎఫ్ 16లో వెలుతురు వచ్చే కన్నం చిన్నదైపోయి ఆ దుమ్ము నీడ గట్టిగా పడింది.

"నాలుగు కన్నా పదహారు చిన్నదా?" అన్నారు మావయ్య.

"కన్నం విషయంలో అంతే మావయ్యా."

"ఈ లెక్కలు జీఎస్టీవాళ్ల దగ్గర చెప్పకు. సరే, దుమ్ము ఎలా ఎక్కింది?"

లెన్సు మార్చినప్పుడు కొంత లోపలికి పోతుందనీ, జూమ్ ముందుకీ వెనక్కీ లాగినప్పుడల్లా గాలి లోపలికీ బయటికీ ఆడుతుందనీ, దాంతో మరికొంత పోతుందనీ చెప్పాడు బావ. మావయ్య మొహంలో డాక్టర్‌కి జబ్బు దొరికినప్పటి వెలుగు వచ్చింది.

"అంటే ఊపిరి పీలుస్తోంది. మరి ఎయిర్ ఫిల్టర్ ఏదీ?"

"దీనికుండదు మావయ్యా."

ఆయన మా అందరి మొహాలూ ఒకసారి చూసి, "అల్లుడూ, ఫిల్టర్ లేని బండి కొన్నావేటి!" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, జాలే.

బావ బ్యాగులోంచి రబ్బరు బ్లోయర్ తీశాడు. గుప్పెట్లో పట్టే రబ్బరు బుడ్డి, దానికో ముక్కు. నొక్కితే ఫుస్సుమని శుభ్రమైన గాలి వస్తుంది. కెమెరా దుమ్ముకి ముందుగా వాడాల్సిన సామాను అదే. అది అచ్చం పాత లారీలకుండే బూర హారన్ బుడ్డిలా ఉంది, అదే కొంప ముంచింది. అది చూడగానే మావయ్య పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వితే అడ్డా అంతా నవ్వాలి, నవ్వింది. "పంక్చర్ షాపులో అంత కంప్రెసర్ పెట్టుకుని ఈ పిప్పీతో ఊదుతావా? పద."

బావ వెనకాడాడు, అది అతని పక్షాన చెప్పాలి. కానీ పూజారి గడియారం చూస్తున్నాడు, కొబ్బరికాయలు వరసలో ఉన్నాయి, ఇరవైమంది ఓనర్లు చుట్టూ నిలబడి "ఏం కాదులే బావా" అంటున్నారు. ఏం కాదులే అనేవాడు ఎప్పుడూ పక్కవాడి సామాను గురించే అంటాడు.

మావయ్యని తక్కువ చెయ్యకూడదు. ఆయన గుడ్డిగా వెళ్లలేదు. లారీ ఎయిర్ ఫిల్టర్ ఊదినా లోపల్నుంచి బయటికే ఊదాలి, దూరం నుంచే ఊదాలి, ప్రెజర్ ఎక్కువైతే కాగితం చిరుగుతుంది అనే మనిషి. ఇక్కడా రెగ్యులేటర్ తిప్పి ప్రెజర్ తగ్గించారు. గన్ను జానెడు దూరంలో పెట్టారు. కెమెరా మూతి కిందకి వంచి పట్టుకోమన్నారు, ఎగిరిన దుమ్ము కిందకే రాలాలని. ఆపరేషన్ థియేటర్లో కూడా అంత శ్రద్ధ ఉంటుందో లేదో. బావ లెన్సు విప్పి, మెనూలోకి వెళ్లి సెన్సార్ క్లీనింగ్ నొక్కాడు. లోపలి అద్దం టక్కున పైకి లేచి, వెనక సెన్సార్ పచ్చగా, ఊదాగా మెరుస్తూ బయటపడింది.

సరిగ్గా అప్పుడే పంక్చర్ షాపు ఒడియా కుర్రాడు వెనకనుంచి పరిగెత్తుకొస్తూ, "పాణి అఛి! పాణి అఛి మవుసా!" అని అరిచాడు. కంప్రెసర్ మోతలో ఆ రెండు ముక్కలే వినపడ్డాయి. నీళ్లున్నాయి అంటున్నాడు. పొద్దున్నించీ ఎండలో ఉన్నాం, పాపం దాహానికి ఇద్దామనుకుంటున్నాడని మావయ్య మురిసిపోయి, "తరవాత తాగుతాం నాయనా" అని గన్ను నొక్కేశారు.

ముందు గాలే వచ్చింది. ఆ వెంటనే పిచికిరీ. లేత కాఫీ రంగులో, జిడ్డుగా, సన్నటి తుంపర. వానాకాలమంతా ట్యాంకు అడుగున చేరిన నీళ్లు, కంప్రెసర్ ఆయిల్ కలిసి చిక్కబడి, సరాసరి సెన్సార్ మీదకి. మిగిలింది బావ చొక్కా మీదకి.

కుర్రాడు మౌనంగా వెళ్లి ట్యాంకు కింద వాల్వు తిప్పాడు. మగ్గు నిండింది. ఇంకో మగ్గు పెట్టాడు. అదీ సగం నిండింది. రెండూ తెచ్చి మావయ్య కాళ్ల దగ్గర పెట్టాడు. ఆయన ఆ మగ్గుల వైపు చూశారు. మేం ఆయన వైపు చూశాం. ఎవరమూ నోరెత్తలేదు గానీ, సుంకి ఘాటూ బ్రేకు వాల్వూ హారనూ అందరి కళ్లలోనూ తిరిగాయి.

చివరికి ఆయనే, "రోజూ వదలాలిరా ఇది!" అని కుర్రాడి మీద కేకలేశారు.

బావ లెన్సు బిగించి, ఒక ఫొటో తీసి వెనక తెర మీద చూశాడు. "ఏం కనపడుతోంది బావా?" అన్నాం. "డిసెంబర్‌లో పొట్టంగి కొండలు. పొద్దున్న అయిదు గంటలకి, పొగమంచులో" అన్నాడు.

మావయ్యకి మనసు కరిగింది. "ఇటియ్యి, తుడిచేస్తాను" అని భుజం మీంచి ఆయిల్ గేజు గుడ్డ తీశారు. బావ కెమెరాని కడుపులో దాచుకుని పరుగు. ఆయన అరవైయేళ్ల మనిషి, బావ నలభై దాటినవాడు, అయినా పూలదండలు వేసిన లారీల చుట్టూ రెండు రౌండ్లు తిరిగారు. పూజారి ఈ ప్రదక్షిణ ఏ శాస్త్రంలో ఉందా అని చూస్తుండిపోయాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కొత్త తగువు. నష్టం ఎవరు భరించాలి? ఇన్సూరెన్స్ లెక్కలో ఇది ఓన్ డ్యామేజా, థర్డ్ పార్టీయా? గన్ను నొక్కింది మావయ్య, బండి బావది, గాలి పంక్చర్ షాపుది. "కెమెరా కదలకుండా నిలబడుంది కాబట్టి తప్పు వచ్చి గుద్దినవాడిదే" అని ఒకాయన తేల్చాడు. "పార్కింగ్ తప్పుచోట చేశాడు కదా" అని మావయ్య తరఫున ఇంకొకాయన లేచాడు. పప్పు అయిపోయి పెరుగు వచ్చేసరికి, సగం మావయ్య, సగం అడ్డా అని రాజీ కుదిరింది. ఆ సగం అడ్డా సొమ్ము ఇంకా వసూలవుతూనే ఉంది.

గ్రూప్ ఫొటో పంక్చర్ షాపు కుర్రాడు తన ఫోన్‌లో తీశాడు. శుభ్రంగా వచ్చింది. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండే బావ మొదటిసారి ఫొటోలో ఉన్నాడు, చొక్కా మీద మరకతో. ఎవరైనా ఆ ఫొటో మెచ్చుకుంటే మాత్రం, "ఆకాశం ఎక్కువైంది, కంపోజిషన్ లేదు" అంటాడు.

కెమెరాని విశాఖ పంపించాం. అల్లం బస్తాలతోపాటు కాదు, క్యాబిన్‌లో, డ్రైవర్ పక్కన. వారం పోయాక రిపేరు కుర్రాడు ఫోన్ చేశాడు. టీ కొట్టులో స్పీకర్ పెట్టాం. "సార్, సర్వీసులో చాలా చూశాను గానీ, లోపల ఆయిల్ ఎలా వచ్చిందండీ?"

బావ నోరు తెరిచేలోపే మావయ్య ఫోన్ లాక్కున్నారు. "ఏ రంగులో ఉంది బాబూ? వేళ్ల మధ్య రుద్ది చూడు, ఇసకలా తగులుతోందా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. "సార్, మీరు మాట్లాడుతోంది కెమెరా గురించేనా?"

"కెమెరాయే. శుభ్రం చేశాక మళ్లీ ఎన్ని క్లిక్కులకి తీసుకురావాలో స్టిక్కర్ మీద రాసి అంటించి పంపు. మా మేస్త్రి అలాగే చేస్తాడు."

ఆ కుర్రాడికి కూడా కాస్త చిలిపితనం ఉన్నట్టుంది, నిజంగానే అంటించి పంపాడు. ఇప్పుడు బావ కెమెరా పైకెత్తితే చాలు, మావయ్య దగ్గరికొచ్చి, అడుగున స్టిక్కర్ చదివి, బావ చేత షట్టర్ కౌంట్ చెప్పించుకుని, లెక్క సరిపోయాకే "తియ్యి" అంటున్నారు. ఈలోగా పెళ్లికొడుకు తాళి కట్టేసినా సరే.