రీడ్-ఓన్లీ డబ్బాతో కుస్తీ ఎందుకన్నా?

నల్గొండ గడియారం చౌరస్తా నుంచి మిర్యాలగూడ దాకా రిపేరు షాపుల్లో ఒక మాట విని విని విసుగొచ్చింది: "ఫోల్డర్ రీడ్-ఓన్లీ అయింది సార్, వైరస్ ఉన్నట్టుంది, ఫార్మాట్ కొట్టాలె." రీడ్-ఓన్లీ అంటే చదవడమే తప్ప మార్చడానికి లేదని. మొన్న మా వీధిలో ఒక టీచర్ సార్‌కు ఇదే చెప్పి సిస్టమ్ మొత్తం తుడిచి పంపారు. పిల్లల మార్కుల ఫైళ్లు పోయాయి, పైసలూ పోయాయి. ఇంటికొచ్చి ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిస్తే, రీడ్-ఓన్లీ అని రాసి ఉన్న చిన్న డబ్బాలో షాపతను చూపించిన చదరం గుర్తు అక్కడే ఉంది. ఉంటుంది మరి. కొత్త కంప్యూటర్ కొన్నా ఉంటుంది.

అది టిక్కు కాదు, సరిగ్గా చూడండి. చదరం ఉందంటే లోపలి ఫైళ్ల సంగతి విండోస్ ఇంకా తేల్చలేదని. ఫోల్డర్‌లోని ఫైళ్లకే వర్తిస్తుందని పక్కనే రాసి కూడా ఉంటుంది, ఎవరు చదువుతారు! చదరం తీసేసి అప్లై కొడితే లోపలి ఫైళ్ల మీది రీడ్-ఓన్లీ గుర్తు పోతుంది. మళ్లీ తెరిస్తే చదరం మళ్లీ ప్రత్యక్షం. దీనికే జనం టెన్షన్ పడుతున్నారు.

ఫైలుకైతే ఆ గుర్తుతో పనుంది. విండోస్‌కు ముందు వాడిన డాస్ కాలం నుంచీ ప్రతి ఫైలు పేరు పక్కన ఇలాంటి గుర్తుల కోసం ఒక బైటు, అంటే ఎనిమిది బిట్ల గడి, ఉండేది. అందులో మొదటి బిట్ రీడ్-ఓన్లీ, రెండోది హిడెన్ (దాచినది), మూడోది సిస్టమ్ (విండోస్ సొంత ఫైలు). రీడ్-ఓన్లీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో మార్చి సేవ్ కొడితే ఒప్పుకోదు. అలాగని గట్టి కాపలా ఏమీ కాదు, ఫోల్డర్లు తెరిచి చూపే ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫైలును డిలీట్ చేయొచ్చు.

ఫోల్డర్ దగ్గరికొస్తే అసలు లెక్కే వేరు. గుర్తు ఉన్నా కొత్త ఫైలు పెట్టొచ్చు, పేరు మార్చొచ్చు, తీసేయొచ్చు. ఈ ఫోల్డర్‌కు ప్రత్యేక ఐకాన్ ఉందా, లోపల ఆ ఐకాన్ వివరాలుండే డెస్క్‌టాప్.ఐఎన్ఐ అనే చిన్న ఫైలు చదవాలా అని తెలుసుకోవడానికే ఎక్స్‌ప్లోరర్ దాన్ని చూస్తుంది. గేటుకు "కుక్క ఉంది జాగ్రత్త" అని బోర్డు పెట్టి, కుక్క లేదు, పోస్ట్‌మ్యాన్ ఇల్లు గుర్తుపట్టడానికి పెట్టామన్నట్టుంది మైక్రోసాఫ్ట్ వాళ్ల తెలివి. పని మార్చినప్పుడు పేరూ మార్చాలి కదా? ఇన్నేళ్లుగా మార్చలేదు.

మరి సేవ్ కాకపోవడానికి కారణం? చాలాసార్లు పర్మిషన్లు. పాత హార్డ్ డిస్క్ తీసి కొత్త సిస్టమ్‌కు తగిలిస్తే ఫైళ్ల మీద హక్కులు పాత విండోస్ యూజర్ పేరునే ఉండిపోతాయి. ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్‌లో ఓనర్‌ను మార్చి, మన యూజర్‌కు హక్కులు ఇవ్వాలి, అంతే. రైస్ మిల్లు ఆఫీసులో ఎక్సెల్ ఫైలు రీడ్-ఓన్లీగా తెరుచుకుందంటే పక్క సిస్టమ్‌లో గుమాస్తా దాన్ని తెరిచి టీకి పోయి ఉంటాడు. మెయిల్‌లో వచ్చిన వర్డ్ ఫైలైతే పైన పసుపు పట్టీలో ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కితే చాలు. ఫొటో స్టూడియో తమ్ముళ్లూ, మెమరీ కార్డు పక్కన చిన్న మీట కిందికి జారి లాక్ పడిందేమో ముందు చూసుకోండి.

వైరస్ అసలే ఉండదని కాదు. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపిస్తే అది వైరస్ పనే కావచ్చు, హిడెన్, సిస్టమ్ గుర్తులు పెట్టి అసలు వాటిని దాచేస్తుంది. ముందు స్కాన్ చేసి, ఆ పెన్‌డ్రైవ్ మీద అట్రిబ్ కమాండ్‌తో (కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ గుర్తులు మార్చేది) గుర్తులు తీసేస్తే బయటికొస్తాయి. దానికీ ఫార్మాట్ అక్కర్లేదు.

షాపతను ఫార్మాట్ అనగానే తలూపకండి. ఆ ఫోల్డర్‌లోనే ఒక కొత్త టెక్స్ట్ ఫైలు చేసి, రెండు ముక్కలు రాసి, సేవ్ కొట్టి చూపించమనండి. సేవ్ అయిందా, సీపీయూ చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేయండి.