పొగ జాడ తెలుస్తోంది, ఎత్తు తెలియాలి

2023 జూన్ మొదటి వారంలో కెనడా కార్చిచ్చుల పొగ న్యూయార్క్ మీదికి దిగింది. పట్టపగలే ఆకాశం నారింజ రంగుకు తిరిగింది, బయటికి రావద్దని అధికారులు జనాన్ని హెచ్చరించారు. అదే నెలాఖరుకు కెనడా పొగ అట్లాంటిక్ దాటి యూరప్ చేరింది. ఉపగ్రహ చిత్రాల్లో అక్కడా స్పష్టంగానే కనిపించింది, కానీ నేల మీద గాలి పెద్దగా చెడలేదు. పొగ చాలా ఎత్తున సాగిపోయింది.

మనుషుల ఊపిరితిత్తులకు సంబంధించినంత వరకు ఈ తేడాయే ముఖ్యం. మామూలు ఉపగ్రహ చిత్రం చెప్పలేనిది కూడా ఇదే.

పొగను, ఎడారి ధూళిని కనిపెట్టడంలో నలభై ఏళ్లలో సాధించింది తక్కువేమీ కాదు. 1978లో వెళ్లిన నింబస్-7 ఉపగ్రహం మీది టామ్స్ పరికరం ఓజోన్‌ను కొలవడానికి పెట్టింది. పొగ, ధూళి అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటాయి కాబట్టి వాటి జాడ కూడా ఆ లెక్కల్లోనే ఉందని శాస్త్రవేత్తలు తర్వాత గుర్తించారు. తెల్లగా మెరిసే ఎడారి మీద కూడా ధూళిని పట్టగలగడం ఈ పద్ధతి బలం. తర్వాత వచ్చిన టెర్రా, ఆక్వా ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరం రోజూ దాదాపు భూమినంతా చూసింది. యూరప్ వాతావరణ ఉపగ్రహం మెటియోశాట్ పరారుణ చిత్రాల్లో సహారా ధూళి రాత్రిపూట కూడా గులాబీ రంగులో తేలుతుంది.

అయితే మోడిస్ లాంటివి కొలిచేది నేల నుంచి ఆకాశం దాకా ఉన్న కణాల మొత్తం ప్రభావాన్ని. ఆ మొత్తంలో మన ముక్కు దగ్గర ఎంత, అయిదు కిలోమీటర్ల పైన ఎంత అన్నది అందులో ఉండదు. అంచనాలు వేసే కంప్యూటర్ నమూనాలు ఆ మొత్తాన్ని చాలావరకు తమ సొంత లెక్కతోనే పొరలుగా పంచుకుంటాయి. ఆ పంపకం తప్పితే హెచ్చరికా తప్పుతుంది. అవసరం లేనిచోట బడులు మూస్తారు, అవసరమైనచోట తెరిచి ఉంచుతారు.

పొరలను విడదీసి చూపేది లైడార్, అంటే లేజర్ వెలుగుతో దూరం కొలిచే పరికరం. 2006లో వెళ్లిన కాలిప్సో ఉపగ్రహం కిందికి లేజర్ వెలుగు పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఏ పొర ఎంత ఎత్తున ఉందో చెప్పేది. దాని పనితనం ఇంకో చోట ఉంది. ఎడారి ధూళి రేణువులు గరుకుగా, కోణాలు దేలి ఉంటాయి, వాటికి తగిలిన లేజర్ వెలుగు ధ్రువణం (వెలుగు తరంగాలు ఊగే దిశ) మారి తిరిగొస్తుంది. పొగ కణాలు చాలావరకు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ధ్రువణం అంతగా మారదు. అలా రెంటినీ చాలావరకు వేరుచేయగలిగారు. సహారా నుంచి గాలిలో కొట్టుకొచ్చిన ధూళి అమెజాన్ అడవికి ఏటా సుమారు 22,000 టన్నుల భాస్వరం అందిస్తోందని 2015లో లెక్కగట్టింది కాలిప్సో కొలతలతోనే. ఎత్తు తెలియకపోతే ఆ లెక్క కుదిరేది కాదు.

లైడార్‌కూ పరిమితి ఉంది. అది చూసేది తన దారి కిందనున్న సన్నటి గీతను మాత్రమే, దట్టమైన మేఘాన్ని దాటలేదు. అందుకే నేల మీది కొలత కేంద్రాలు తప్పనిసరి. ఉపగ్రహాలున్నాయి కదా అని వాటికి నిధులు తగ్గించడం నా దృష్టిలో దారుణమైన పొరపాటు.

కాలిప్సో 2023 ఆగస్టులో ఆగిపోయింది. లైడార్ ఉన్న ఎర్త్‌కేర్ ఉపగ్రహాన్ని యూరప్, జపాన్ కలిసి 2024 మేలో ప్రయోగించాయి. వాతావరణ ఉపగ్రహాల విషయంలో ఒకటి పాతబడకముందే మరొకటి సిద్ధంగా ఉంచుతారు. లైడార్‌లు మాత్రం ఇంకా ఒక్కొక్కటిగా మంజూరయ్యే పరిశోధన ప్రాజెక్టులుగానే మిగిలాయి. కార్చిచ్చులు ఏ ఏడూ సెలవు తీసుకోవు గనుక, లైడార్‌నూ రోజువారీ వాతావరణ సేవలో భాగం చేయాలి. ఎర్త్‌కేర్‌ను రూపొందించింది మూడేళ్ల పనికే. దాని తర్వాతి లైడార్‌కు నిధులు, అది పనిచేస్తుండగానే ఖాయం కావాలి.