మా బావ వెండి చెంచా

ఆరుద్ర కార్తె వానలు రెండు పడ్డాయో లేదో, విజయనగరంలో అపార్టుమెంటుకో శిలీంధ్ర శాస్త్రవేత్త మొలుస్తున్నాడు. మా ఇంట్లో మొలిచింది మా బావ. ఆయన్ని చూసి అందరూ నవ్వుతున్నారు. ఇది అన్యాయం. అందుకే ఆయన తరఫున ఈ నాలుగు ముక్కలు.

మొన్న ఆదివారం బావ బుట్ట, చాకు, టోపీ, నిండా చార్జింగ్ పెట్టిన ఫోన్‌తో రామతీర్థం కొండకి మోరెల్స్ అనే పుట్టగొడుగులు ఏరడానికి వెళ్లాడు. ఉత్తరాది వాళ్లు గుచ్చీ అనేది దీన్నే. తల తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉంటుంది, నిలువునా కోస్తే లోపలంతా డొల్ల. కాశ్మీర్, హిమాచల్ అడవుల్లో మంచు కరిగే రోజుల్లో మొలుస్తుంది. రామతీర్థంలో మంచు ఎప్పుడు కురిసిందని అక్క అడిగింది. ఇలాంటి చిన్న చిన్న అభ్యంతరాల వల్లే ఈ దేశంలో పరిశోధన ముందుకి సాగటం లేదు.

గుచ్చీ దొరకలేదు. కానీ ఉత్త చేతులతో ఇంటికి రావడం బావ వంశంలో లేదు. అపార్టుమెంటు ముందు గడ్డిలో పూరీ అంతేసి తెల్లటి గొడుగులు అరడజను కోసుకొచ్చాడు. ఫొటో పెడితే, తినొచ్చని 92 శాతం నమ్మకంగా చెప్పిందట ఫోను. బావకి ఇంటర్లో కూడా అన్ని రాలేదు. మిగతా ఎనిమిది సంగతేమిటంటే, "నెగటివ్‌గా ఆలోచించకు బావా" అన్నాడు నాతో.

అలాగని ఆయన దేన్నీ గుడ్డిగా నమ్మడు. ఉడుకుతున్న కూరలో వెండి చెంచా పెట్టాడు, నల్లబడలేదు. వెల్లుల్లి రెబ్బ వేశాడు, రంగు మారలేదు. పసుపు వేశాడు. వేస్తే ఏం జరగాలో ఆయనకే గుర్తులేదు కనుక అదీ పాసే. డెత్ క్యాప్ అనే పుట్టగొడుగు ఈ మూడు పరీక్షలూ ఫస్ట్ క్లాసులో గట్టెక్కుతుంది. దాని విషం ఎంత ఉడికించినా పోదు. తిన్నాక 6 నుంచి 12 గంటల దాకా ఏమీ తెలియదు. కూర బాగుందని మెచ్చుకోవడానికి కావలసినంత టైముంటుంది. తర్వాత వాంతులు, విరేచనాలు. మధ్యలో ఓ రోజు తగ్గినట్టే ఉంటుంది, లోపల కాలేయం పాడవుతూనే ఉంటుంది.

మా అదృష్టం, ఆ రోజు తొలి ఏకాదశి. ఉపవాసం కాబట్టి కూర రేపు తిందామని అక్క ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఈలోగా బైపీసీ చదివే మేనకోడలు మిగిలిన గొడుగొకటి తీసుకుని, కాడ తుంచి, తెల్లకాగితం మీద బోర్లించి గిన్నె మూసింది. పొద్దున్నకి కాగితం మీద గొడుగు రాల్చిన ఆకుపచ్చ బీజాల పొడి. ఆ రంగు పడితే అది క్లోరోఫిల్లమ్ అనే విషపు గొడుగని, గడ్డిలో మొలిచే దీన్ని తింటే రెండు మూడు గంటల్లోనే వాంతులు మొదలవుతాయని పిల్ల చెప్పింది. "ఆకుపచ్చంటే ఆర్గానిక్ కదా!" అన్నాడు బావ.

గంటస్తంభం దగ్గర ఓ ముసలమ్మ ఆకుల్లో అసలైన పుట్టగొడుగులు పెట్టుకుని కూర్చుంది. ఎస్.కోట అటుపక్క నుంచి తెచ్చిందట. ఇవి చెదల పంట. చెదలు పుట్టలోపల ఒక బూజుని పెంచుకుంటాయి, వానలు పడితే అదే పైకొచ్చి గొడుగు విప్పుతుంది. మనుషులు షెడ్డుల్లో పండించబోతే లొంగలేదు. నాకైతే ఇందులో చెదల తెలివి కన్నా ముసలమ్మ తెలివే ఎక్కువ నచ్చింది. ఒకటి పైకెత్తి, కాడ కింద జానెడు తోకలాంటిది చూపించింది.

"ఈ ఏరు సూసినావా బాబూ? పుట్టలోకంటా దిగిపోద్ది. ఇది లేందాన్ని నాను ముట్టుకోను. నీకు తెలీపోతే నువ్వసలేదీ ముట్టుకోకు."

ఫోను చెప్పలేదు కాబట్టి బావ ఈ మాట లెక్కలోకి తీసుకోలేదు. ఆకు 150 అంటే పావుగంట బేరమాడి 120కి దించాడు. అదే రాత్రి 50 గ్రాముల ఎండు గుచ్చీకి 1,800 కట్టాడు. అక్కడ బేరమాడితే బాగోదు కదా.

నిన్న పార్శిల్ వచ్చింది. 2023లో అమెరికాలోని మోంటానాలో ఓ హోటల్లో పచ్చివి, సగం ఉడికినవి మోరెల్స్ తిని 51 మంది జబ్బుపడ్డారని, ఇద్దరు పోయారని మేనకోడలు చదివి వినిపించింది. బావ ఏమాత్రం టెన్షన్ పడలేదు. వెండి చెంచా ఎక్కడ పెట్టావని అక్కని అడుగుతున్నాడు.