ఉప్పాడ రోడ్డు అందమైనదే, కానీ ఏడాదంతా కాదు
కాకినాడ చుట్టుపక్కల పరుగుకి ఉప్పాడ బీచ్ రోడ్డును మించింది లేదని ఒకరు రాశారు. గాలి, సూర్యోదయం విషయంలో నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ అది ఏడాది పొడుగునా పరిగెత్తే రోడ్డు కాదు. కాకినాడకి సముద్రంలో హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి అడ్డుంది కాబట్టి ఇక్కడ అల నెమ్మది. ఉప్పాడ చేరేసరికి ఆ అడ్డు ఉండదు, సముద్రం నేరుగా వచ్చి ఒడ్డును కోసేస్తుంది. తుఫాను రోజుల్లో రక్షణకి వేసిన బండరాళ్లు కూడా రోడ్డెక్కేస్తాయి. రెండేళ్ల కిందట వాయుగుండం వెళ్లిన నాలుగో రోజు నేను తెల్లవారుజామున పరిగెడుతూ అంచున కాలేశాను. అడుగున మట్టంతా కొట్టుకుపోయి పైన తారు పెచ్చు మాత్రమే మిగిలింది, అది విరిగి చీలమండ బెణికింది. పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన వచ్చి లేపి, "ఆ అంచు కింద ఏమీ లేదు బాబూ, మధ్యలో నడు" అన్నారు. మూడు వారాలు ఇంట్లోనే ఉన్నాను. అప్పట్నుంచి అక్టోబర్, నవంబర్ నెలల్లో పిఠాపురం వైపు పొలాల మధ్య రోడ్డే పట్టుకుంటున్నాను. బీచ్ రోడ్డుకి వెళ్లాలనుకుంటే ముందు అక్కడి మత్స్యకారుల్ని అడగండి, సముద్రం ఏ వైపు ఎంత కోసిందో వాళ్లకే తెలుసు. రోడ్డు పక్కన చేపలు ఎండబెట్టి ఉంటే దయచేసి దూరంగా తప్పుకుని వెళ్లండి, అది వాళ్ల కూడు.