అన్నిటికీ ఫార్మాటేనా?

కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయితే చాలు, "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అనేస్తారు. జ్వరం చూడకుండానే సూది పొడిచినట్టు! ముందు విండోస్ తనలో జరిగినవన్నీ రాసుకునే చిట్టా, అదే ఈవెంట్ వ్యూయర్, తెరిచి చూడరేం? అక్కడ కెర్నల్-పవర్ 41 (సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆగిందనే నమోదు) ఉండి, అందులో బగ్‌చెక్ కోడ్ (విండోస్ క్రాష్ నంబరు) 0 అయితే చాలాసార్లు విండోస్ తప్పేం ఉండదు, కరెంటే హఠాత్తుగా తెగి ఉంటుంది. ఎస్ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై డబ్బా), వదులైన ప్లగ్గు, ముసలిదైన యూపీఎస్ బ్యాటరీ, వీటిని అనుమానించాలి. గేమ్ పెట్టిన పది నిమిషాలకే ఆగిపోతోందా? ప్రాసెసర్‌ని చల్లబరిచే హీట్‌సింక్ రెక్కల్లో దుమ్ము పరుపులా పేరుకుని ఉంటుంది, చూడండి. బ్లూ స్క్రీన్ అయితే ర్యామ్ స్టిక్కులు ఒక్కొక్కటే పెట్టి మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు (పూర్తి రౌండ్లు) నడపాలి. విండోస్ సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని స్టార్టప్ అండ్ రికవరీలో 'ఆటోమేటిక్‌గా రీస్టార్ట్' టిక్కు తీసేస్తే ఎర్రర్ కోడ్ చదివేదాకా తెర మీద నిలుస్తుంది. అరనిమిషం పని! ఫార్మాట్‌కి పూటంతా పడుతుంది, ఫొటోలు పోతాయి, సాయంత్రానికి మళ్ళీ అదే రీస్టార్ట్.